కన్వర్టిబుల్ కొందామంటే: గుడ్డ టాపా, రేకు టాపా?

నీలాకాశం
అందరికీ నమస్తే. టాప్ లేని కారు ఒకటి కొనాలన్న కోరిక ఎప్పటినుంచో ఉంది, ఇప్పటికి కుదిరేలా ఉంది. కొత్తది కాదు, సెకండ్ హ్యాండే. రోడ్‌స్టర్, స్పైడర్, క్యాబ్రియోలె, టార్గా, టీ-టాప్ అని చదివేకొద్దీ బుర్ర తిరుగుతోంది, అందుకే పేర్ల సంగతి పక్కన పెట్టి సూటిగా అడుగుతున్నా. గుడ్డతో చేసిన మడత టాప్ మంచిదా, బటన్ నొక్కితే ముక్కలుగా మడుచుకుని డిక్కీలోకి వెళ్లిపోయే రేకు టాప్ మంచిదా? రేకుదైతే వానకీ చప్పుడుకీ దొంగలకీ టెన్షన్ పడక్కర్లేదు కదా. మరి రేకు టాప్ అంటూ ఊదరగొట్టిన పెద్ద కంపెనీలు ఇప్పుడు మళ్లీ గుడ్డకే ఎందుకు పోతున్నాయి? అది అర్థం కాక ఆగిపోయా.

ఆరోగేరు
రేకు టాపే తీసుకో బాస్. మూస్తే కూపే, అంటే గట్టి రూఫ్ ఉన్న రెండు డోర్ల కారు, తెరిస్తే కన్వర్టిబుల్, ఇంకేం కావాలి? కంపెనీలు గుడ్డకి పోయేది ఖర్చు మిగుల్చుకోవడానికి, అంతే.

రెంచిచేయి
ఖర్చొక్కటే కాదు ఆరోగేరూ. నేను ఈ టాపులు విప్పి బిగించే పనిలో ఉన్నవాణ్ని, కాస్త వివరంగా చెప్తా.

రేకు టాప్ తెరుచుకునేటప్పుడు ఒకసారి పక్కన నిలబడి చూడండి. ముందు కిటికీ అద్దాలు కాస్త కిందికి దిగుతాయి. డిక్కీ మూత రోజూ తెరుచుకున్నట్టు కాకుండా తిరగబడి, సీట్ల వైపు అంచు పైకి లేస్తుంది. వెనక అద్దం దగ్గరున్న పలక తప్పుకుని దారిస్తుంది. ముందు అద్దం పైన కొక్కేలు వదులుతాయి. అప్పుడు రూఫ్ రెండు ముక్కలో మూడు ముక్కలో అయి, ఒకదాని మీద ఒకటి పేర్చుకుని లోపలికి దిగితే మూత పడుతుంది. చాలా బళ్లలో ఇదంతా హైడ్రాలిక్ పంపు, సిలిండర్లతో నడుస్తుంది. ప్రతి మెట్టూ పూర్తయిందని కంప్యూటర్‌కి చెప్పడానికి ఒక్కో చిన్న స్విచ్ ఉంటుంది. వాటిలో ఒక్కటి అబద్ధం చెప్పినా రూఫ్ ఎక్కడిదక్కడే ఆగిపోతుంది. సగం లేచి, వానలో.

నా దగ్గరికి "టాప్ పని చేయట్లేదు" అని వచ్చే బళ్లలో మోటారు కాలిపోయినవి తక్కువే. డిక్కీలో సామాను రూఫ్‌కి తగలకుండా అడ్డంగా లాగే తెర ఒకటి ఉంటుంది, అది లాగి తగిలిస్తేనే రూఫ్ కదులుతుంది. ఆ తెర కొక్కెం తప్పి ఉంటుంది, లేదా బ్యాటరీ డీలా పడి ఉంటుంది. ఇవి తేలికే. అసలు తలనొప్పి సిలిండర్లలో ఆయిల్ కారకుండా ఆపే సీళ్లు. ముందు అద్దం పైన కొక్కెం సిలిండర్ కారిందంటే ఆయిల్ సరిగ్గా లోపలి అద్దం పక్కనుంచి మీ ఒళ్లో పడుతుంది. లేత రంగు సీట్లయితే ఇక చూడక్కర్లేదు.

గుడ్డ టాప్‌లోనూ మోటారుతో నడిచేవి ఉన్నాయి, వాటికీ ఇవే రోగాలు, కాకపోతే సగమే. చేత్తో వేసేదైతే ఈ బాధే లేదు.

పాతబండ్లపిచ్చి
రేకు టాప్ ఏదో కొత్త టెక్నాలజీ అనుకునేవాళ్ల కోసం. 1930ల నడుమనే ప్యుజో 401, 601, 402 మోడళ్లలో ఎక్లిప్స్ పేరుతో డిక్కీలోకి దిగిపోయే రేకు రూఫ్ వచ్చింది. దాన్ని పేటెంట్ చేసింది ఎవరనుకున్నారు? జార్జ్ పోలాఁ అనే ఫ్రెంచి పళ్ల డాక్టరు! ఖాళీ సమయంలో కార్లు గీసేవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలకు వ్యతిరేకంగా రహస్యంగా పనిచేసి పట్టుబడ్డాడు, 1942లో కాల్చి చంపారు.

ఆ తర్వాత 1957 నుంచి 59 దాకా ఫోర్డ్ ఫెయిర్‌లేన్ స్కైలైనర్ వచ్చింది. ఐదారుగురు కూర్చునే అంత పెద్ద కారు, అంతకంత పెద్ద రూఫ్, ముందు భాగం మడుచుకుని మరీ వెనక్కి వెళ్లేది. దానికి హైడ్రాలిక్స్ లేవు, అన్నీ ఎలక్ట్రిక్ మోటార్లూ రిలేలూ స్విచ్చులూ, వాటిని కలపడానికి 180 మీటర్లకు పైగా వైరు. మూడేళ్లలో 48 వేల పైచిలుకు అమ్మి ఆపేశారు. రూఫ్ లోపలుంటే సామానుకి మధ్యలో ఒక చిన్న తొట్టె మాత్రమే మిగిలేది, దాంట్లో పెట్టినవి తీయాలంటే పక్కనుంచి వంగి చెయ్యి పెట్టి వెతుక్కోవాలి.

1996లో మెర్సిడెస్ ఎస్ఎల్‌కే వచ్చాకే ఇది మళ్లీ ఫ్యాషనైంది. ప్యుజో 206 సీసీ దాన్ని చిన్న కార్లకు దించింది. ఆ తర్వాత ఓ పదిహేనేళ్లు ఎవరిని చూసినా రేకు టాపే.

గేర్లగోల
ఆ రేకు టాప్ నాలుగు సీట్ల కార్లని వెనకనుంచి చూశారా ఎప్పుడైనా? రూఫ్ పట్టాలి కాబట్టి వెనక భాగం ఎత్తుగా, లావుగా. రూఫ్ పొట్టిగా ఉండాలి కాబట్టి ముందు అద్దాన్ని డ్రైవర్ నెత్తి మీదికి లాక్కొచ్చేస్తారు. టాప్ తీసినా మీ నుదుటి పైన అద్దం ఫ్రేమే కనిపిస్తుంది. ఆకాశం చూద్దామని కొంటే ఫ్రేము చూడాల్సొస్తుంది.

ఆరోగేరు
అన్నీ అలా ఉండవు. మాజ్దా ఎంఎక్స్-5 మూడో తరంలో రేకు తరహా మడత టాప్ సీట్ల వెనకే సర్దుకుంటుంది, డిక్కీ అంగుళం కూడా తగ్గదు. బరువు పెరిగింది దాదాపు 37 కిలోలే, ఎందుకంటే ఆ రూఫ్ ఉక్కు కాదు, ప్లాస్టిక్ కాంపోజిట్. 2011లో వచ్చిన ఫెరారీ 458 స్పైడర్ సంగతి చూడండి. ఇంజిన్ సీట్ల వెనకున్న బండికి అల్యూమినియం మడత రూఫ్ పెట్టి, అది గుడ్డ టాప్ కన్నా 25 కిలోలు తేలికని కంపెనీయే చెప్పింది. డిజైన్ సరిగ్గా చేయలేనోళ్లు గుడ్డకి పోతున్నారని నా వాదన.

రెంచిచేయి
అవి రెండూ రెండు సీట్ల బళ్లు గురూ, రూఫ్ జానెడు. నలుగురి నెత్తిన కప్పే రూఫ్ తీసుకో, లెక్క తిరగబడుతుంది. బీఎండబ్ల్యూ 4 సిరీస్ 2020లో రేకు నుంచి గుడ్డకి మారినప్పుడు టాప్ బరువు 40 శాతం తగ్గిందని చెప్పారు. మెర్సిడెస్ ఎస్ఎల్ రెండు తరాలు రేకుతో వచ్చి, 2021లో గుడ్డకి తిరిగొచ్చింది, 21 కిలోలు ఆదా. కిలోలు కొద్దిగానే అనిపిస్తాయి కానీ అవి బండిలో అన్నిటికన్నా పైనుండే కిలోలు. మలుపులో ఒరిగేది వాటివల్లే. పైగా గుడ్డ సన్నగా మడుచుకుంటుంది కాబట్టి వెనక జాగా మిగిలి, కొత్త ఎస్ఎల్‌లో చిన్నవైనా వెనక సీట్లు పట్టాయి.

ఇప్పటి గుడ్డ పాత గుడ్డ కూడా కాదు. పైన నేత గుడ్డ, మధ్యలో చప్పుడు పీల్చే దళసరి పొర, లోపల మరో లైనింగు, వెనక నిజమైన గాజు అద్దం, దాంట్లో వేడి తీగలు. మూసి హైవే మీద పోతుంటే పక్కవాడు మామూలుగా మాట్లాడితే వినిపిస్తుంది.

నీలాకాశం
రెంచిచేయి గారూ, ఒక డౌటు. మొన్న ఒక నాలుగు సీట్ల గుడ్డ టాప్ బండి నడిపి చూశా. గుంతలో పడినప్పుడల్లా లోపలి అద్దం వణుకుతోంది, స్టీరింగ్ చేతిలో గిలగిలా కొట్టుకుంటోంది. షాకబ్జార్బర్లు మారిస్తే పోతుందన్నాడు అమ్మేవాడు. నిజమేనా?

వెల్డింగ్‌వాసన
అది షాకబ్జార్బర్ల పని కాదండీ, లేక అవి కూడా పోయుంటే అదనం. బాడీ మెలితిరుగుతోంది.

మూత ఉన్న అట్టపెట్టెని రెండు చేతులతో పట్టుకుని మెలితిప్పండి, కదలదు. మూత తీసి తిప్పండి. ఇంక చెప్పక్కర్లేదు కదా. వెనకటి రోజుల్లో కింద నిచ్చెన లాంటి ఫ్రేము వేరు, పైన బాడీ వేరు, పైకప్పు ఉన్నా లేకపోయినా బలమంతా కిందే. అందుకే మొదట్లో ఎక్కువ కార్లకు గట్టి పైకప్పే ఉండేది కాదు. బాడీనే ఫ్రేముగా చేసే మోనోకాక్ వచ్చాక రూఫ్, దాన్ని నిలబెట్టే పిల్లర్లు కూడా బరువు మోసే ఎముకలయ్యాయి. కూపేనో సెడాన్‌నో తెచ్చి రూఫ్ కోసేస్తే ఆ ఎముకలు పోయినట్టే. పోయిన బలాన్ని కిందనుంచి తేవాలి కాబట్టి డోర్ల కింద సిల్స్ లోపల ఉక్కు గొట్టాలు దూరుస్తారు, నేల కింద ఇంటూ ఆకారంలో పట్టీలు బిగిస్తారు, ముందు అద్దం చుట్టూ ఫ్రేము మందం చేస్తారు. అందుకే రూఫ్ తీసేసిన బండి రూఫ్ ఉన్న బండికన్నా బరువెక్కువ ఉంటుంది. వినడానికి వింతగా ఉంటుంది కానీ తూకం వేస్తే తెలుస్తుంది. అయినా వణుకు పూర్తిగా పోదు. కొన్ని బళ్లలో బాడీ మూలల్లో రబ్బరు మీదనో స్ప్రింగు మీదనో ఇనప దిమ్మలు వేలాడదీస్తారు, బాడీ ఇటు ఊగితే దిమ్మ అటు ఊగి వణుకుని మింగేస్తుంది. ఎందుకూ పనికిరాని బరువని వాటిని పీకి పారేసినవాళ్లని చూశాను. ఆ తర్వాత డ్యాష్‌బోర్డు గోల భరించలేక మళ్లీ వెతుక్కున్నారు.

మొదటినుంచీ ఓపెన్ కారుగానే పుట్టిన బండి వేరు. ఎంఎక్స్-5 అలాంటిదే. హోండా ఎస్2000లో సీట్ల మధ్య నేల మీద పొడవునా ఉండే గట్టు, అంటే టన్నెల్, ఎత్తుగా కట్టి బలమంతా దాంట్లోంచి లాగారు. 1996 లోటస్ ఎలీజ్‌లో అల్యూమినియం కమ్మీల్ని జిగురుతో అతికించిన చాసిస్, తూకం 68 కిలోలు, కానీ సిల్స్ ఎంత వెడల్పంటే టాప్ వేసి ఉంటే బండిలోకి ఎక్కడం ఒక విద్య. కార్బన్ ఫైబర్ తొట్టె ఉన్న మెక్‌లారెన్ 12సీ స్పైడర్‌కి రూఫ్ తీసినా అదనపు పట్టీలు అక్కర్లేకపోయాయి, పెరిగిన 40 కిలోలూ మడత రూఫువే.

మీరు చూసిన బండి సంగతి: ముందు చక్రం ఒకటి జాకీ మీద లేపి డోరు తెరిచి మూయండి. డోరు పట్టేస్తే, లేదా డోరుకీ బాడీకీ మధ్య సందు పైన ఒకలా కింద ఒకలా కనిపిస్తే, సిల్స్ లోపల తుప్పు ఉన్నట్టే. వెనక్కి చూడకుండా వచ్చేయండి.

నీలాకాశం
బాబోయ్. ఆ బండి వద్దులెండి. ధన్యవాదాలు.

వెనకసీటు
నలుగురికి సరిపోతుందని మురిసిపోయేవాళ్లకి వెనక కూర్చునేవాళ్ల తరఫున ఒక మాట. గాలి ముందునుంచి కొడుతుందని అందరూ అనుకుంటారు. కాదు, వెనకనుంచి కొడుతుంది. ముందు అద్దం మీదుగా దూసుకెళ్లిన గాలి డిక్కీ దగ్గర సుడి తిరిగి, సీట్ల మధ్యలోంచి మళ్లీ లోపలికి వస్తుంది. జుట్టు వెనక్కి ఎగరదు, మొహం మీదికి వచ్చి పడుతుంది. వెనక సీటైతే ఆ సుడి మధ్యలోనే ఉంటుంది. మా ఆయన ముందు హాయిగా పాటలు వింటూ ఉంటారు, వెనక నాకూ పిల్లకీ ఒకరి మాట ఒకరికి వినపడదు.

ఆ సుడి ఆపడానికి ముందు సీట్ల వెనక నిలబెట్టే వల తెర ఉంటుంది, 1989 మెర్సిడెస్ ఎస్ఎల్‌తో అది బాగా పేరుకొచ్చింది. ముందువాళ్లకు అద్భుతంగా పనిచేస్తుంది. కానీ చాలా నాలుగు సీట్ల బళ్లలో దాన్ని బిగించేది ఎక్కడ? వెనక సీట్ల మీదే! వల కట్టాక అక్కడ మనుషులు కూర్చోలేరు. నాలుగు సీట్లకి డబ్బులిచ్చి రెండు సీట్ల బండి నడపడమే ఇది.

చలి సంగతి మాత్రం భయపెట్టినంత కాదండీ. కిటికీలు ఎత్తి, హీటర్ కాళ్ల వైపు పెట్టుకుంటే బాగానే ఉంటుంది. 2004 ఎస్ఎల్‌కే నుంచి సీటు తలదిండులోంచి మెడ మీదికి వెచ్చగాలి ఊదే ఏర్పాటు వచ్చింది. ముందు సీట్లకే లెండి, మళ్లీ.

గేర్లగోల
ఇన్ని బాధలుంటే టార్గా చూడరేం? సీట్ల వెనక గట్టి పట్టీ అలాగే ఉంటుంది, నెత్తి మీద పలక ఒక్కటే తీస్తాం. బాడీ వణుకు తక్కువ, వెనక సుడీ తక్కువ. పోర్షే 911 టార్గాని 1965లో చూపించింది, సిసిలీలో జరిగే టార్గా ఫ్లోరియో రేసు పేరే పెట్టింది. అమెరికాలో ఓపెన్ కార్లని నిషేధిస్తారేమోనన్న భయం కూడా దాని వెనక ఉంది. మొదట్లో వెనక అద్దం కూడా ప్లాస్టిక్, జిప్పుతో విప్పేవాళ్లు.

టీ-టాప్ అంటే మధ్యలో ఒక కమ్మీ వదిలి అటొకటి ఇటొకటి పలకలు తీయడం, 1968 షెవర్లే కార్వెట్‌తో జనంలోకి వచ్చింది. కమ్మీ వల్ల బలం, రెండు చోట్ల రబ్బరు వల్ల రెండు చోట్ల కారుడు.

నాకు ముద్దొచ్చేది మాత్రం సుజుకి కాపుచినో. 1991 నాటి బుల్లి కారు. రూఫ్ మూడు పలకలు. అన్నీ ఉంచితే కూపే, రెండు పక్కలవి తీస్తే టీ-టాప్, మధ్యది కూడా తీస్తే టార్గా, వెనక అద్దం ఫ్రేము కూడా కిందికి దించితే పూర్తి ఓపెన్. చర్చంతా ఒక్క బండిలో తీర్చేశారు మహానుభావులు.

పాతబండ్లపిచ్చి
విడ్డూరాల మాట వస్తే హోండా సీఆర్-ఎక్స్ డెల్ సోల్‌ని వదలకూడదు. దాంట్లో ట్రాన్స్‌టాప్ అని ఒక ఏర్పాటు ఉండేది. డిక్కీ మూత పడుకున్నది పడుకున్నట్టే నిటారుగా రూఫ్ ఎత్తుకి లేస్తుంది, దాంట్లోంచి రెండు చేతులు ముందుకి జారి రూఫ్ పలకని పట్టుకుని లోపలికి లాక్కుంటాయి, మూత మళ్లీ కిందికి దిగుతుంది. మామూలు డెల్ సోల్‌లో ఆ పలకని మనమే చేత్తో ఎత్తి డిక్కీలో పెట్టుకోవచ్చు, అయినా సరే ఇదంతా చేశారు. ఆ ఇంజినీర్లకి ఒక దండం.

ఆరోగేరు
2014 911 టార్గా కూడా తక్కువేం కాదు. వెనక గాజు గుండు మొత్తం లేచి వెనక్కి జరిగి, నెత్తి మీది గుడ్డ పలకని మింగి మళ్లీ కూర్చుంటుంది. ఆ గాజు బంపర్ దాటి వెనక్కి వస్తుంది కాబట్టి బండి ఆపి ఉంచాలి, వెనక గోడ ఉందో లేదో చూసుకోవాలి. సిగ్నల్ దగ్గర వేశావంటే వెనకోడికి షో.

నీలాకాశం
ఇంకో ప్రశ్న, ఇంట్లో అడిగింది. బండి పల్టీ కొడితే?

వెల్డింగ్‌వాసన
న్యాయమైన ప్రశ్న. ముందు అద్దం ఫ్రేములో గట్టి ఉక్కు గొట్టం ఉంటుంది, బండి తలకిందులైతే ఒక వైపు బరువు అది మోయాలి. వెనక వైపు మోయడానికి సీట్ల వెనక కమ్మీలు. 1979 ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ క్యాబ్రియోలెలో మధ్యలో లావుపాటి పట్టీ ఎప్పుడూ నిలబడే ఉండేది, అందాన్ని పాడుచేసిందని తిట్టారు కానీ దాన్ని చూసే జనం ధైర్యంగా కొన్నారు. 1989 ఎస్ఎల్‌లో దాచిపెట్టిన కమ్మీ, బండి తిరగబడబోతోందని సెన్సరు పసిగడితే 0.3 సెకన్లలో లేచి నిలబడేది. తర్వాత నాలుగు సీట్ల బళ్లలో వెనక తలదిండ్ల దగ్గర రెండు కమ్మీలు అలాగే ఎగురుతాయి. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు డ్యాష్‌బోర్డులో ఆ హెచ్చరిక లైటు వెలిగి ఆరుతోందో లేదో చూడండి. బల్బు పీకేసిన బళ్లు కూడా ఉంటాయి, వెలగనే వెలగకపోతే అనుమానించండి.

అయితే పూర్తి రూఫ్ ఉన్నంత రక్షణ అని మాత్రం నేను అనను. బెల్టు పెట్టుకోకపోతే ఆ కమ్మీలు ఉండీ లేనట్టే.

పాతబండ్లపిచ్చి
ఈ భయంతోనే ఒకప్పుడు అమెరికాలో ఓపెన్ కార్లు దాదాపు అంతరించాయి. పల్టీల మీద కఠినమైన రూల్ వస్తుందని అందరూ అనుకున్నారు, ఎయిర్ కండిషనింగ్ వచ్చాక అమ్మకాలూ పడిపోయాయి. 1976 క్యాడిలాక్ ఎల్డొరాడోని ఆఖరి అమెరికన్ కన్వర్టిబుల్ అని ప్రచారం చేశారు. ఆఖరి 200 బళ్లు తెల్లరంగువి. జనం ఎగబడి కొని షెడ్లలో దాచుకున్నారు, రేటు పెరుగుతుందని. కన్వర్టిబుళ్లకి ఆ రూల్ రానేలేదు. 1982లో క్రైస్లర్ లెబారన్ టాప్ లేకుండా వచ్చింది, 1984లో ఎల్డొరాడో కూడా మళ్లీ వచ్చేసింది. ఆఖరిదని చెప్పి అమ్మారని దాచుకున్నవాళ్లు కోర్టుకెక్కారు. కేసు నిలబడలేదు.

టాప్‌లెస్_జీపు
ఇక్కడ అందరూ నన్ను మర్చిపోయారు. జీప్ రాంగ్లర్! రూఫే కాదు, డోర్లు కూడా విప్పుకోవచ్చు, ముందు అద్దం మడుచుకోవచ్చు. కింద నిచ్చెన ఫ్రేము ఇంకా ఉంది కాబట్టి రూఫ్ ఉన్నా లేకున్నా దాని వణుకు దానికి ఎప్పుడూ ఉండేదే.

గేర్లగోల
నీ బండిలో మాట్లాడుకోవాలంటే మూసి ఉన్నప్పుడు కూడా అరవాలి కదా అన్నా. ఇంకా నయం, నిస్సాన్ మురానో క్రాస్ క్యాబ్రియోలె, రేంజ్ రోవర్ ఇవోక్ కన్వర్టిబుల్ అని ఎత్తైన బళ్లకి రూఫ్ కోసి అమ్మారు. రెండూ ఎంతో కాలం నడవలేదు. ఆ మురానోని ఎవరు ఒప్పుకుని సంతకం పెట్టారో నాకు ఇప్పటికీ మిస్టరీ.

వెనకసీటు
కుటుంబంతో తిరగాలంటే ఫియట్ 500 తరహా చూడండి నీలాకాశం గారూ. పక్క ఫ్రేములు, డోర్ల పైన కమ్మీలు అలాగే ఉంటాయి, మధ్యలో గుడ్డ మాత్రం చుట్టుకుంటూ వెనక్కి పోతుంది. 1957 నాటి మొదటి 500 నుంచీ ఉన్న పద్ధతే. సిట్రోయెన్ 2సీవీలో అయితే తొలి రోజుల్లో ఆ గుడ్డ వెనక బంపర్ దాకా, డిక్కీ మూత కూడా అదే. బాడీ వణకదు, వెనక వాళ్లకీ ఆకాశం కనిపిస్తుంది, సుడీ తక్కువే. అసలు సిసలు కన్వర్టిబుల్ కాదని ఆరోగేరు అంటారు, అననివ్వండి.

ఆరోగేరు
అంటాను. అది పెద్ద సన్‌రూఫ్.

నీలాకాశం
సరే, వెనక సీట్ల ఆశ వదిలేశా. రెండు సీట్లు, గుడ్డ టాప్, చేత్తో వేసేది, అంటే ఎంఎక్స్-5 వైపే తేలుతున్నా. పాతది తీసుకుంటే టాప్‌లో ఏం చూడాలి?

రెంచిచేయి
మంచి నిర్ణయం. మొదటి తరం అయితే వెనక అద్దం ప్లాస్టిక్ కావచ్చు. టాప్ దించే ముందు జిప్పు విప్పి ఆ ప్లాస్టిక్‌ని చదునుగా పడుకోబెట్టాలి. అలా చేయని ఓనర్ బండిలో ప్లాస్టిక్ అడ్డంగా ఒకే గీత మీద పగిలి, పసుపు రంగుకి తిరిగి ఉంటుంది. చలిలో అసలు దించకూడదు, పెళుసెక్కి విరుగుతుంది.

తర్వాత నీళ్లు. టాప్ మీద పడ్డ నీరు సీట్ల వెనక ఒక కాలువలోకి చేరి, రెండు పక్కలా గొట్టాల్లోంచి చక్రాల దగ్గర కిందికి పోవాలి. ఆకులూ మట్టీ చేరి ఆ గొట్టాలు మూసుకుపోతాయి. నీళ్లు అక్కడే నిలిచి కార్పెట్ కిందికీ, సిల్స్ లోపలికీ దిగుతాయి, వెల్డింగ్‌వాసన చెప్పిన తుప్పు అక్కడే మొదలవుతుంది. సీట్ల వెనక కార్పెట్ కింద చెయ్యి పెట్టి నొక్కండి. తడి తగిలినా ముక్కవాసన వచ్చినా బేరం మళ్లీ మొదటినుంచి మాట్లాడండి. మీరు కొన్నాక ఆ గొట్టాల్లో పలచటి ప్లాస్టిక్ తీగ పెట్టి నెమ్మదిగా కదపండి, ఇనప తీగ పెడితే గొట్టం చిల్లు పడుతుంది.

తడి టాప్ మడిచి పెట్టకండి, లోపల బూజు పడుతుంది. ప్రెజర్ వాషర్ దగ్గరగా కొట్టించకండి, కుట్లు లేచిపోతాయి. దొంగలంటారా, లోపల ఏమీ కనపడకుండా ఉంచడమే మందు, టాప్ కోసి చూస్తే పోయిన వస్తువు కన్నా టాప్‌కే ఎక్కువ అవుతుంది.

నీలాకాశం
అన్నీ రాసుకున్నా. నేను ఆరడుగులు దాటి ఉంటాను, అదొక్కటే అనుమానం.

వెల్డింగ్‌వాసన
అయితే టాప్ తీసి కాదు, వేసి కూర్చుని చూడండి. టాప్ తీస్తే ఎవరైనా పడతారు. టాప్ వేశాక తల గుడ్డ కింద అడ్డంగా ఉండే కమ్మీకి తగులుతోందా, కళ్ల ఎదురుగా ముందు అద్దం పై ఫ్రేము వస్తోందా చూడండి. ఫ్రేము అడ్డమొస్తే సిగ్నల్ లైట్లు చూడ్డానికి ప్రతిసారీ వంగాల్సి వస్తుంది. కొందరు సీటులో స్పాంజి కొంత కోయించి కిందికి దిగుతారు, కుట్టేవాడు తెలిసినవాడైతే అది చిన్న పనే.